ఎడారిలో చలివేంద్రం

మా ఆఫీసు సయామా నన్ను ఆఫ్రికా ఎడారికి రమ్మన్న రోజు నేను ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. కరెంటు లేదు కనక ఫ్యాను తిరగడం లేదు, కానీ దాని కింద కూర్చోవడం అలవాటు. సయామా అంటే బర్మాలో టీచరమ్మని పిలిచే పిలుపు. యజమానురాలినీ అలాగే అంటాం. రంగూన్‌లో, నదికి నాలుగు వీధుల ఇవతల, ఆవిడకో ట్రావెల్ ఆఫీసు ఉంది. ఊరికి యాంగోన్ అని కొత్త పేరు వచ్చి ఏళ్ళయినా మా ఇంట్లో ఇంకా రంగూనే. ఆ ఆఫీసులో నేను పద్దెనిమిదేళ్ళుగా టిక్కెట్లు బుక్ చేస్తున్నాను. ఈ మధ్య యాత్రికులు రావడం తగ్గిపోయి, గోడమీది పగోడా ఫోటోల దుమ్ము దులపడమే నా ముఖ్యమైన ఉద్యోగమయింది.

నమీబియా ఎడారిలో పర్యావరణానికి హాని చేయని శిబిరం ఒకటుందట. ట్రావెల్ ఆఫీసుల వాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున వచ్చి నాలుగు రోజులు ఊరికే ఉండి, నచ్చితే తమ ఖాతాదారుల్ని పంపాలని వాళ్ళ ఆహ్వానం. సయామా ఆలోచన వేరు. అక్కడ ఏం చేస్తున్నారో చూసొచ్చి, రేవులో పడవెక్కితే అవతలి గట్టునే ఉన్న దలాలో అలాంటి శిబిరమే పెట్టాలని. వాళ్ళతో ఒప్పందం కుదిరితే వాళ్ళ పేరు కూడా వాడుకోవచ్చు. అది కుదరకపోతే ఆఫీసు మూసేయడమేనని నాతో నేరుగానే చెప్పింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని నేను.

ఆ రాత్రి శిబిరం వాళ్ళ కరపత్రాన్ని ఇంట్లో చదివి తెలుగులో చెప్పాను. ఇక్కడ సూర్యుడు ఇచ్చినంతే వెలుతురు. స్నానానికి ఒక్క బాల్చీ నీళ్ళు. ఫోను పనిచేయదు. నాలుగు రోజుల్లో మీరు మళ్ళీ మనిషవుతారు.

మా అత్తగారు వక్క కొరుకుతూ విన్నది. "అయితే మనమేటే? మనం మనుసులమయిపోయి సానా ఏళ్ళయ్యింది కదా" అంది.

"ఆ మాత్రానికి ఇమానమెక్కి ఎల్లాలేటి? మన రేకులింట్లో నాలుగు రోజులు పడుకోమను వోల్లని" అన్నాడు మా ఆయన.

నిజమే. రంగూన్‌లో అహ్లోన్ పేటలో మా వీధి మొత్తం ఎన్నేళ్ళుగానో పర్యావరణానికి హాని చేయకుండానే బతుకుతోంది. సూర్యుడు ఇచ్చినంతే వెలుతురు, మోటారు తిరిగినంతే నీళ్ళు. అయినా ఆ కరపత్రం మీద ఉన్నలాంటి ఆకుపచ్చ ఆకు గుర్తు మా గుమ్మం మీద ఎవరూ అంటించలేదు.

మా ఇంటి అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. బర్మావాళ్ళ ఇళ్ళముందు, దారుల్లో, చెట్ల కింద బాటసారుల కోసం మంచినీళ్ళ కుండలు పెడతారు. మూత, మూతమీద బోర్లించిన గ్లాసు. ఎవరైనా ఆగి తాగవచ్చు. మా ఆయన తాతగారు విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసిన మనిషి. ఆయనకి ఈ కుండలు చూడగానే మన చలివేంద్రం గుర్తొచ్చి, తన గుమ్మం ముందూ ఒకటి పెట్టాడు. మన దేశంలో చలివేంద్రం ఎండాకాలం దాటితే ఎత్తేస్తారు. మా ఇంట్లో వానాకాలం కూడా తీయరు. కుండ నింపడం కోడలి పని. పొద్దున్నే అది నింపకుండా కోడలు తన గొంతులో చుక్క నీళ్ళు పోసుకోకూడదు. పెట్టిన నీళ్ళని పెట్టిన చెయ్యి మళ్ళీ లోపలికి తీయకూడదు. తీస్తే దోషమని మా అత్తగారి మాట. ఆవిడ చెప్పిన వాటిలో సగం నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. ఇది మాత్రం ఇరవై రెండేళ్ళుగా నా చేతులకి అంటుకుపోయింది.

మూడు పెద్ద విమానాలు, ఒక బుల్లి విమానం, చివర ఒక జీపు ఎక్కి దిగాక శిబిరం వచ్చింది. ఎర్రటి ఇసుక, ఎండిపోయిన ఏరు, ఎనిమిది డేరాలు. మేనేజరు తెల్లాయన, చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, ఆయన మాట వినడానికి అందరూ ముందుకు వంగి ఏదో భక్తిలో ఉన్నట్టు కనిపించేవాళ్ళు. రాగానే మాకు జేబురుమాలంత తడిగుడ్డ ఇచ్చి, నీటిని గౌరవించమన్నాడు. తర్వాత నాలుగు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. డేరా బయట నీళ్ళు ఉంచరాదు అన్నది అందులో ఎక్కడో ఉండి ఉంటుంది. నేను చదవలేదు. బ్యాంకులో, ఆసుపత్రిలో కాగితాలు ఎలా చదువుతామో ఇదీ అలాగే చదివాను.

స్నానాల గది అంటే మూడువైపుల తడిక, పైన చిల్లులున్న బాల్చీ. దాని కింద నిలబడి వచ్చిన ఒక యూరప్ ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు. జీవితంలో మొదటిసారి నీటిని కలిశానంది. నేను నీటిని రోజూ అలాగే కలుస్తాను, పైగా వీపు రుద్దుకోవడానికి చెంబు కూడా ఉంటుంది. మరుగుదొడ్డిలో నీళ్ళ బదులు రంపపుపొట్టు. దాన్ని చూసొచ్చిన ఒక పెద్దమనిషి తన తాతముత్తాతల దగ్గరికి వెళ్ళొచ్చినట్టుందన్నాడు. సయామా పొద్దున్నే బుగ్గలకి మా బర్మా ఆడవాళ్ళ 'తనకా' చెక్క గంధం రాసుకుని వస్తే నలుగురు చుట్టూ చేరి, ఇది ఏ కంపెనీ సేంద్రియ క్రీమని అడిగారు. ఆవిడ నవ్వి, తన నోటుపుస్తకంలో రాసుకుంది. తర్వాత నేను తొంగి చూశాను. "బాల్చీ స్నానం: అతిథులు ఏడుస్తారు" అని ఉంది.

మా డేరాకి నీళ్ళు తెచ్చి, పక్కలు సర్దే ఆవిడ ఆ ప్రాంతం మనిషి. నాకంటే ఓ అయిదారేళ్ళు పెద్దదేమో. మొదటిరోజు నేను అలవాటు కొద్దీ డేరా ఊడుస్తుంటే వచ్చి చీపురు పట్టుకుంది. నేను వదల్లేదు. ఇద్దరం కాసేపు చీపురు లాక్కుని, చివరికి నవ్వుకుని కింద కూర్చున్నాం. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషంతే కనక మాకు బాగా అర్థమైంది. ఇల్లు సగం రోజు ప్రయాణమంత దూరం. నాలుగు వారాలు ఇక్కడ, ఒక వారం ఇంటిదగ్గర. కూతురు నర్సు చదువుతోంది, ఇంకొక్క ఏడాది ఉంది. ఆ ఒక్క ఏడాది ఈ ఉద్యోగం నిలబడితే చాలని, తర్వాత ఎవరేమన్నా పట్టించుకోనని అంది. నన్ను సిస్టర్ అని పిలిచింది. ఆ శిబిరంలో నాకు మనిషిలా కనిపించింది ఆవిడ ఒక్కతే.

రెండోరోజు పొద్దున్న లేవగానే నా చేతులు వాటి పని అవి చేసేశాయి. నా వంతు బాల్చీలో సగం నీళ్ళు వేరే బాల్చీలో పోసి, డేరా ముందు చదునైన రాయి మీద పెట్టి, పళ్ళెం మూతేసి, దానిమీద గ్లాసు బోర్లించాను. అప్పుడు నా గొంతు తడుపుకున్నాను. సయామా దాని పక్కనుంచే టీకి వెళ్ళిపోయింది. బర్మా మనిషికి గుమ్మం ముందు నీళ్ళు లేకపోతేనే కదా వింత.

నీళ్ళు తెచ్చే ఆవిడ మాత్రం ఆగిపోయింది.

"సిస్టర్, ఇది ఎవరికి?"

"దారిన పోయేవాళ్ళకి."

ఆవిడ చుట్టూ చూసింది. కనుచూపు మేరలో దారీ లేదు, పోయేవాళ్ళూ లేరు.

"ఇక్కడ ఎవరు పోతారు?"

"నువ్వు పోతున్నావుగా" అన్నాను.

నవ్వి, గ్లాసు ముంచుకుని నిలబడే తాగేసింది. ఇంకో గ్లాసు తాగింది. వీళ్ళకి నీళ్ళు మోసేవాళ్ళం మేం, మాకు నీళ్ళు పెట్టినవాళ్ళు ఎవరూ లేరంది. తర్వాత గొంతు తగ్గించి, బయట నీళ్ళు ఉంచకూడదనీ, ఏటి వైపు నుంచి ముసలి ఏనుగొకటి వస్తూ ఉంటుందనీ, పొద్దు గుంకేలోగా లోపల పెట్టమనీ చెప్పింది. నేను మా ఇంటి పద్ధతంతా విప్పాను. పెట్టిన చెయ్యి తీయకూడదన్నాను. నలభై ఆరేళ్ళ దాన్ని, ఎడారిలో నిలబడి, అత్తగారి దోషానికి భయపడి బతిమాలాను. ఆవిడే ఒక ఉపాయం చెప్పింది.

"అయితే నువ్వు తీయకు. నేను తీస్తాను. సాయంత్రం పక్కలు సర్దడానికి వచ్చినప్పుడు తీసేస్తే నీకు దోషం ఉండదు కదా?"

"సాయంత్రం తీస్తే రోజు నిండదు. తెల్లారి తియ్యి" అన్నాను.

నా మాట కాదనలేకపోయింది. తెల్లారకముందే అందరికంటే ముందు నా డేరాకే వస్తానంది.

ఆవిడకంటే ఏనుగు ముందు లేచింది.

తెల్లవారుతుండగా డేరా గుడ్డ అవతల ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టయింది. జిప్పు సందులోంచి చూస్తే బూడిదరంగు కాలొకటి. సయామా మంచం మీద లేచి కూర్చుని బుద్ధుడి సూత్రాలు చదవడం మొదలెట్టింది. నేను నూకాలమ్మ తల్లిని పిలిచాను. ఆఫ్రికా ఏనుగు మీద ఎవరి అధికారం చెల్లుతుందో తెలియదు కనక ఇద్దరం ఆపకుండా చదివాం. ఏనుగు మూత జరిపి నీళ్ళు తాగింది. గ్లాసుని తొండంతో ఎత్తి, దానివల్ల ఉపయోగం లేదని తెలుసుకుని పడేసింది. ఆ చుక్కలతో దానికి దాహం రెట్టింపయిందేమో, నీళ్ళ వాసన పట్టుకుని డేరాల వెనక్కి నడిచింది. అక్కడ ఎత్తుమీద శిబిరం ట్యాంకు ఉంది. దాన్ని భుజంతో ఒక్క తోపు తోసింది. వారానికి సరిపడా నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతుంటే నింపాదిగా తాగినంత తాగి వెళ్ళిపోయింది.

అతిథులు కెమెరాలతో పరుగెత్తుకొచ్చారు. ఒకాయన మోకాళ్ళ మీద కూలబడి ఆనందంతో ఏడ్చాడు. తాను పొగుడుతున్న ఆ ఏనుగు కడుపులో తన టీ నీళ్ళున్నాయని ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మేనేజరు విచారణ భోజనాల డేరాలో, మేం టిఫిన్‌కి కూర్చున్న బల్ల పక్కనే జరిగింది. మా డేరా ముందు దొర్లుతున్న బాల్చీ చేతిలో పట్టుకుని వచ్చాడు. మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. బాల్చీలు పనివాళ్ళవి, కాబట్టి తప్పూ వాళ్ళదే. మా డేరాకి నీళ్ళు తెచ్చే ఆవిడని పిలిచి మెల్లగా, ఎంతో మెల్లగా అడిగాడు.

"ఇది బయట ఉండడం నువ్వు నిన్న చూశావా?"

"చూశాను."

"నియమం తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు తీయలేదు?"

ఆవిడ ఒక్కసారి నా వైపు చూసింది. నేను చెబుతానేమోనని చూసిందో, చెప్పనులే అని భరోసా ఇచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మరిచిపోయాను" అంది.

నేను నోరు తెరిచాను. బల్ల కింద సయామా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు కాదు" అంది బర్మా భాషలో, మొహం మీద నవ్వు చెదరకుండా. "ట్యాంకు పగలగొట్టించింది మనమేనని తెలిస్తే ఒప్పందం మాట మర్చిపో. ఆఫీసు మాటా మర్చిపో. సాయంత్రం నెమ్మదిగా చెబుదాం."

బర్మావాళ్ళకి 'ఆనాడే' అని ఒక మర్యాద ఉంది. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని వెనక్కి తగ్గడం. నలుగురి ముందు మేనేజరుకి ఎదురు చెప్పడం బాగోదు, సయామా మాట తీసేయడం బాగోదు, అతిథుల ఆనందం పాడుచేయడం బాగోదు అని ఒక్కొక్కటే లెక్క చూసుకున్నాను. నిజానికి నాకు భయం వేసింది. నా ఉద్యోగం పోతుందని భయం. నా పిరికితనానికి ఆ మంచి మర్యాద పేరు పెట్టుకుని, నోరు మూసుకుని, రొట్టె తిన్నాను. గురువారం సరుకుల లారీ వస్తుంది, అందులో ఆవిడ ఇంటికి వెళ్ళిపోతుందని మేనేజరు చెప్పాడు. అది బుధవారం.

పగలంతా ఆవిడ మా డేరా వైపు రాలేదు. నేను నాలుగుసార్లు వంట డేరా దాకా వెళ్ళి నాలుగుసార్లు వెనక్కి వచ్చాను.

సాయంత్రం ఆ శిబిరంలో ఒక తంతు ఉంటుంది. మంట చుట్టూ అందరూ కూర్చుని, ఎడారి తమకేం నేర్పిందో చెప్పాలి. ఒకాయనకి శూన్యమంటే ఏమిటో నేర్పింది. ఒకావిడకి తన ఉద్యోగం తనది కాదని నేర్పింది. నా వంతు వచ్చేసరికి సయామా నా చెయ్యి కోసం తడుముకుంది, కానీ నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఆ నీళ్ళు పెట్టింది నేనేనని చెప్పాను. మా వీధి, మా కుండ, కోడలి పని, దోషం అన్నీ చెప్పాను. ఆవిడ తీసేస్తానంటే ఆపింది కూడా నేనేనన్నాను.

తర్వాత చప్పట్లు. నీటిని మొదటిసారి కలిసినావిడ వచ్చి నన్ను కౌగిలించుకుని భుజం తడిపేసింది. ముక్కూమొహం తెలియని వాళ్ళకి నీళ్ళు పెట్టే సంస్కృతి ఇంకా బతికుందా అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. మేనేజరు గుండె మీద చెయ్యి వేసుకుని, నా కథ కొత్త కరపత్రంలో వేసుకోవచ్చా అని అడిగాడు. ఒప్పందం పోతుందని బిగుసుకుపోయిన సయామా, పోకపోగా కుదిరేలా ఉందని గ్రహించి వెంటనే నోటుపుస్తకం తీసింది. "గుమ్మం ముందు నీళ్ళు: దలాలో తప్పనిసరి" అని రాసుకుంది.

"అయితే ఆ నీళ్ళు తెచ్చే ఆవిడ ఉద్యోగం?" అని అడిగాను.

"పని విషయాలు ఈ మంట దగ్గరికి తీసుకురావద్దు" అన్నాడు మేనేజరు, ఇంకా మెల్లగా.

దాన్ని నేను సరేనన్నమాటగా తీసుకున్నాను. అంత మంచి చప్పట్ల తర్వాత చెడు జరుగుతుందని అనిపించలేదు. హాయిగా నిద్రపోయాను కూడా.

పొద్దున్నే లారీ చప్పుడికి లేచి వచ్చాను. కొత్త ట్యాంకు దించుతున్నారు. ఒక పడుచు అమ్మాయి కూడా దిగి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడి ఉంది. ఆ ఖాళీ అయిన లారీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మా డేరా ఆవిడ కూర్చుని ఉంది.

లోంజీ ఎగ్గట్టుకుని మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. తప్పు నాదని చెప్పాను కదా అన్నాను. చెప్పారు, దానికి మేమంతా మిమ్మల్ని గౌరవిస్తున్నాం అన్నాడు. అయితే యజమానులకి నిన్న మధ్యాహ్నమే శాటిలైట్ మెయిల్లో కబురు వెళ్ళిపోయింది. మనిషి మరిచిపోయానని ఒప్పుకున్నట్టు రాశానన్నాడు. వాళ్ళు కొత్త మనిషిని పంపేశారు. ఆ మనిషిని మళ్ళీ వెనక్కి పంపడం న్యాయమా అని నన్నే అడిగాడు. "మీరు నిన్న ఉదయమే చెప్పి ఉంటే వేరేలా రాసేవాణ్ణి" అన్నాడు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో నా మీదికి తిరిగింది, ఎందుకంటే ఆ మాట నిజం.

లారీ దగ్గరికి వెళ్ళాను. పట్టుకోవడానికి ఆవిడ చెయ్యి అందలేదు, లారీ ఎత్తుగా ఉంది.

"నిన్న రాత్రి చెప్పాను. నేనేనని అందరికీ చెప్పాను" అన్నాను.

"తెలుసు సిస్టర్. చప్పట్లు వినిపించాయి" అంది.

వెటకారంగా అనలేదు. వెటకారంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. కూతురి చదువు అన్నాను. చూడాలి అంది. లారీ కదిలింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పక్కనే ఉన్న ఒక అతిథి ఎడారి విడిచిపోవడం బాధగానే ఉంటుందని నన్ను ఓదార్చాడు.

రంగూన్ వచ్చాక ఏనుగు కథ మా వీధి మొత్తానికీ చెప్పాను. చేపలమ్మే ఆవిడకీ, కోవెల పూజారికీ, తాకేటా నుంచి చూడ్డానికొచ్చిన ఆడపడుచు కుటుంబానికీ చెప్పాను. చెప్పినప్పుడల్లా ఏనుగు ఓ జానెడు పెరిగింది. ట్యాంకు పడిపోయే దగ్గర అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ అక్కడితో ఆపేసేదాన్ని. సయామా దలాలో స్థలం చూస్తోంది. నా ఉద్యోగం పదిలంగా ఉంది.

ఆడపడుచు వాళ్ళు వెళ్ళిపోయాక మా అత్తగారు నన్ను దగ్గర కూర్చోమంది. అందరిలాగా ఆవిడ నవ్వలేదు.

"అది సరేగానీ, నీల్లు తాగీసినాదన్నావు సూడు, ఆ మనిసికేటయ్యిందే? ఆల్లేటీ అన్నేదా?"

అంతమందిలో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. చెప్పేద్దామనే అనుకున్నాను.

"ఏటీ అన్లేదత్తా. పనిలోనే ఉంది" అన్నాను.

"పోన్లే, మంచి మారాజులు" అని ఆవిడ వక్క నోట్లో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎదురింటావిడకి మా అత్తగారు ఏనుగు కథ తనే చెబుతోంది. నాకంటే బాగా చెబుతుంది. ఎదురింటావిడ నవ్వడం అయ్యాక, "ఆ నీల్లు మోసీ మనిసిని కూడా ఏటీ అన్నేదట, సల్లగా పనిలోనే ఉన్నాదట" అని చివర కలిపింది. నేను వంటింట్లో చేప ముక్కలకి ఉప్పు పట్టిస్తూ విన్నాను. చెయ్యి ఆగింది. కాదని చెప్పడానికి రెండడుగులు చాలు. నేను మళ్ళీ ఉప్పు పట్టించాను.